ముత్తాత ఏ యుద్ధానికి వెళ్లారో కనుక్కోవడం ఎలా? గుంటూరు, బెజవాడ వాళ్లు సాయం చేయండి

గుంటూరు మునిమనవడు:

అందరికీ నమస్కారం. మేముండేది గుంటూరు, పెద్దలది బాపట్ల దగ్గర పల్లె. మా తాతగారి నాన్న మిలిటరీకి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికి మా తాత చంటిపిల్లాడు. ఎక్కడ పోయారు, ఎలా పోయారు అంటే చెప్పేవాళ్లు లేరు. "మా నాయన బస్రా పోయాడు" అని తాత అంటుండేవారట. ఆ ఒక్క మాట మా పెదనాన్నకి గుర్తుంది. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి.

ఇంట్లో ఒక కంచు బిళ్ల ఉంది. అరచేతి కన్నా పెద్దది, పళ్లెం కన్నా చిన్నది. దాని మీద ఒక స్త్రీ త్రిశూలం పట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన సింహం. త్రిశూలం, సింహం చూసి మా వాళ్లు అది దుర్గమ్మ అనుకున్నారు. మూడు తరాలుగా దేవుడి గూట్లోనే ఉంది. పసుపు కుంకుమ పెడతారు, పండగొస్తే చింతపండుతో తోముతారు. మొన్న దసరాకి మా అమ్మాయి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, స్త్రీ చాచిన చేతి కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయంది. చదివితే మా ముత్తాత పేరు! ఇంటిపేరు లేదు, ఉత్త పేరు మాత్రమే.

ఇది ఏమిటి? దీన్ని పట్టుకుని ఆయన వివరాలు తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

బెజవాడ సాపర్ (రిటైర్డ్):

బాబూ, ముందు ఒక మాట. ఇక దాన్ని చింతపండుతో తోమవద్దని ఇంట్లో చెప్పండి. అక్షరాలు అరిగిపోతే మళ్లీ రావు. పూజ మానమని అనను, బొట్టు పెట్టుకోండి, తోమడం మాత్రం వద్దు.

అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్మారక బిళ్ల. ఆ స్త్రీ బ్రిటానియా, వాళ్ల దేశానికి గుర్తు. చుట్టూ అంచున ఉన్న ఇంగ్లీషు మాటలకు "స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ప్రాణమిచ్చాడు" అని అర్థం. కొలిచి చూడండి, అడ్డంగా 12 సెంటీమీటర్లు ఉంటుంది. ఇలాంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు. జనరల్ అయినా సిపాయి అయినా దాని మీద హోదా వేయలేదు. ప్రాణమిచ్చినవాళ్లంతా సమానమే అన్నది వాళ్ల ఉద్దేశం. మనకొచ్చిన చిక్కు కూడా అదే. హోదా లేదు, నంబర్ లేదు, దళం పేరు లేదు.

అయినా పెద్ద సంగతే తేలింది. మీ ముత్తాత ఆ యుద్ధంలో, సర్వీసులో ఉండగా పోయారు. ఇది ఇంట్లో చెప్పుకునే కథ స్థాయి దాటి ఆధారం అయింది.

ఇప్పుడు వెతకాల్సింది వెండి పతకం. ఒకవైపు ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రం మీద మనిషి బొమ్మ ఉంటుంది. దాని అంచు మీద, అంటే మందం మీద, సైనికుడి నంబర్, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. పోర్టర్లు, కూలి దళాల వాళ్లకు అదే పతకం కంచులో ఇచ్చారు. రెక్కలున్న స్త్రీ బొమ్మతో పసుపుపచ్చ లోహంలో ఇంకో పతకం కూడా ఉండొచ్చు, దాని అంచు మీదా పేరుంటుంది. మన ఊళ్లలో వెండివి చాలావరకు కంసాలి కొలిమిలోకి పోయాయి. కొన్నిటికి కొక్కెం పెట్టించి ఆడపిల్లల మెడలో వేశారు. కాబట్టి మీ తాతగారి అక్కచెల్లెళ్ల ఇళ్లలో, మేనత్తల ఇళ్లలో అడగండి. ఆస్తి పంపకాల్లో వెండి ఆడపిల్లలకే వెళ్తుంది.

తెనాలి టీచర్:

పతకం దొరికేలోపు మీరు ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఒకటి ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని 1917లో పెట్టిన సంస్థ ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండోదానికి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు లెక్క. బతికి తిరిగొచ్చినవాళ్లు అందులో ఉండరు. చాలామంది ఈ సంగతి తెలియక "మా తాత పేరు లేదు" అని నిరాశపడతారు.

మనవాళ్ల పేర్లు అందులో వెతకడానికి కాస్త ఓపిక కావాలి. పేరు రాసుకున్నది తెలుగు రాని గుమాస్తా. కోటయ్య అనే పేరే తీసుకోండి. చివర అక్షరాలు మారతాయి, మధ్యలో ఒత్తు పోతుంది, ఒక్కోసారి పేరులో సగమే ఉంటుంది. వెంకటస్వామి అయితే ఎన్ని రకాలుగా రాశారో లెక్కలేదు. అందుకని పేరుతో మొదలుపెట్టకండి. అదనపు వివరాలు అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఊరు పేరో తాలూకా పేరో జిల్లా పేరో వేసి వెతకండి. చాలా ఎంట్రీల్లో "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, గుంటూరు" అని ఉంటుంది. తండ్రి పేరు కలిసిందంటే సగం పని అయినట్టే.

జిల్లాల సంగతి మరీ ముఖ్యం. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకు ముందు సైన్యంలో చేరినవాళ్లకు బాపట్ల అయినా నరసరావుపేట అయినా కృష్ణా జిల్లా కిందే రాశారు, అదీ "కిస్ట్నా" అనే స్పెల్లింగుతో. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలోనే ఉంది. కాబట్టి ఒంగోలు వాళ్లు తమ తాత కోసం ప్రకాశం అని కొడితే ఏమీ రాదు. 2022లో వచ్చిన కొత్త జిల్లాల పేర్లయితే అసలు పనికిరావు. విజయవాడకు బెజవాడ, మచిలీపట్నానికి మసులిపటం. పాత గెజిటీర్లలో ఊళ్ల పేర్లు ఎలా రాశారో ఒకసారి చూసుకుంటే వెతకడం తేలికవుతుంది.

గన్నవరం వాసి:

ఈ చర్చ చూసి నాకూ ఆశ పుట్టింది. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో లారీ డ్రైవర్. క్షేమంగా తిరిగొచ్చారు, 1980ల్లో పోయారు. ఆరు మొనలున్న నక్షత్రం పతకం ఒకటి ఉంది. రిబ్బన్ మధ్యలో ఎర్ర చార, అటూ ఇటూ నీలం, నీలం మధ్యలో సన్నగా నారింజ రంగు. డిశ్చార్జి పుస్తకం చెదలు తినేసింది, ఉన్న ముక్క మీద ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని మాత్రం చదవగలిగాను. తిరిగొచ్చినవాళ్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

బెజవాడ సాపర్ (రిటైర్డ్):

గన్నవరం బాబూ, మీరు చెప్పిన రిబ్బన్ బర్మా స్టార్‌ది. నక్షత్రం మధ్య కిరీటం చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి, పేరు అక్కడే ఉంటుంది. లేత ఇసుక రంగు మీద ఎర్ర చార ఉంటే అది ఆఫ్రికా స్టార్. మీ తాతగారు పనిచేసింది రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో. తిండి, పెట్రోలు, మందుగుండు మోసే దళం. తుపాకీ పట్టలేదని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఒప్పుకోవద్దు. బర్మా కొండదారుల్లో ఆ లారీలు నడవకపోతే ముందున్న పటాలానికి బుక్కెడు బువ్వ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయా దళాల కాగితాలు ఆయా రికార్డ్ ఆఫీసులకే వచ్చాయి. మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ సాపర్స్‌కి, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళానికి, బెంగళూరు. సర్వీస్ కోర్ దక్షిణ విభాగానికీ బెంగళూరే. ఆర్డినెన్స్ (ఆయుధ సామగ్రి దళం), ఈఎంఈ (యంత్రాల మరమ్మతు దళం)లకు సికింద్రాబాద్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మెడికల్ కోర్‌కి లక్నో, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్. దళం తెలియకుండా ఢిల్లీకి ఉత్తరం రాస్తే అది తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోతుంది.

ఒక కష్టమైన విషయం ముందే చెప్తాను. ప్రతి సైనికుడికీ షీట్ రోల్ అని ఒకటి ఉంటుంది. చేరిన తేదీ, ఊరు, తండ్రి, భార్య, పిల్లలు, ఎక్కడెక్కడ పనిచేశాడు, శిక్షలు, పతకాలు అన్నీ అందులోనే. పింఛను లేకుండా ఇంటికి పంపినవాళ్ల షీట్ రోల్స్ 25 ఏళ్లు దాటితే తీసేయడం నిబంధన. 1945 తర్వాత సైన్యాన్ని తగ్గించినప్పుడు ఇళ్లకు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి పింఛను లేదు. అందుకని "కాగితాలు ధ్వంసమయ్యాయి" అనే జవాబు వస్తే అక్కడితో వదిలేయకండి. లాంగ్ రోల్ అనే రిజిస్టర్ ఒకటి ఉంచుతారు. అందులో ఒక్క వరుసే ఉండొచ్చు, ఆ వరుసలో నంబర్, పేరు, చేరిన రోజు, వెళ్లిన రోజు ఉంటాయి. ఉత్తరంలోనే "షీట్ రోల్ లేకపోతే లాంగ్ రోల్‌లోని వివరాలైనా పంపండి" అని అడగండి.

ఇంకో దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. రెండో ప్రపంచ యుద్ధం వాళ్లకు, వాళ్ల భార్యలకు ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తూ వచ్చింది. మీ నాయనమ్మగారు ఎప్పుడైనా ఆ డబ్బు తీసుకుని ఉంటే, అప్పుడు పెట్టిన అర్జీలో సైనిక నంబర్ ఉండి తీరాలి. నంబర్ లేకుండా అర్జీ తీసుకోరు. పాత బ్యాంకు పాస్‌బుక్కు వెనకా, రేషన్ కార్డు కవర్లోనూ చూడండి. అలాంటి నంబర్లను పెద్దవాళ్లు అట్టల మీద రాసిపెట్టుకుంటారు.

నరసరావుపేట రైతు:

సాపర్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మాజీ సైనికులకు ప్రభుత్వం భూములిచ్చేది. మా ఊళ్లో ఒక చెక్కను ఇప్పటికీ మిలిటరీ చేను అంటారు. మీ కుటుంబానికి అలాంటి డీకేటీ పట్టా (ప్రభుత్వమిచ్చిన భూమికి పట్టా) ఏదైనా ఉంటే తహసీల్దారు ఆఫీసులో పాత ఫైలు అడగండి. మాజీ సైనికుడి కోటా కింద ఇచ్చిన పట్టా అయితే డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు జతచేసి ఉంటుంది. మా బంధువుల్లో ఒకరికి దళం పేరు అలాగే తెలిసింది.

పెదకాకాని సూటిమనిషి:

ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో మాట అడుగుతున్నాను. ఇది పన్నులు కట్టబోమని తెల్లదొరలను ఎదిరించిన గుంటూరు జిల్లా. పెదనందిపాడులో 1921-22లో ఏం జరిగిందో, పర్వతనేని వీరయ్య చౌదరి గారు ఏం చేశారో తెలిసినవాళ్లమే. చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరు ఊరంతా ఇళ్లు వదిలి వెళ్లింది. అలాంటి చోట బ్రిటిష్ వాళ్ల కోసం బస్రా వెళ్లి పోరాడినవాళ్లను తలుచుకుని గర్వపడాలా? తెలుసుకోవడం వేరు, గర్వపడటం వేరు కదా.

కొత్తపేట లూథరన్:

అన్నా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మా ఇంటి సంగతి చెప్తాను.

మా అమ్మ వాళ్ల తాత పయనీర్ పటాలంలో చేశారు. రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం, అవసరమైతే తుపాకీ పట్టడం వాళ్ల పని. ఆయన ఎందుకు చేరారంటే, ఊళ్లో చెప్పులేసుకుని పెద్దవీధిలో నడిచే వీల్లేని రోజులవి. పటాలంలో బూట్లు ఇచ్చారు. నెలకింత అని జీతం చేతికి ఇచ్చారు. పేరు పెట్టి పిలిచారు. మద్రాస్ ప్రెసిడెన్సీలో సాపర్స్‌లోకి, పయనీర్లలోకి మాల, మాదిగ, పరయ కుటుంబాల నుంచి, క్రైస్తవుల నుంచి చాలామంది వెళ్లారు. వాళ్లెవరూ చక్రవర్తి మీద ప్రేమతో వెళ్లలేదు. తిరిగొచ్చినవాళ్లు పిల్లల్ని బడికి పంపారు. మా ఇంట్లో మొదటి టీచర్ ఆయన కూతురే.

ఊళ్లో ఉద్యమం నడుస్తుంటే ఆయన పతకాలు పెట్టె అడుగుకి వెళ్లిపోయాయని మా అమ్మమ్మ చెప్పేది. ఎవరూ వాటి గురించి అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకటి రెండు తరాలకు కథే మాయమైపోయింది. గర్వపడాలా వద్దా అన్నది తర్వాత. ఆయన ఎక్కడ ఎండలో తవ్వారో, ఎక్కడ జ్వరంతో పడుకున్నారో నాకు తెలియాలి. నేను ఆయన మనవరాలి బిడ్డని.

క్రైస్తవ కుటుంబాల వాళ్లకు ఒక సలహా. చర్చి రిజిస్టర్లు చూడండి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లలో తండ్రి వృత్తి అనే గడిలో "సిపాయి" అనో "పయనీర్" అనో రాసి ఉంటుంది. బాప్తిస్మంతో పేరు మారినవాళ్లు ఉంటారు. ఊళ్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు, పటాలంలో ఒకటి. మూడూ కలిపి చూడకపోతే మనిషి దొరకడు. సంఘకాపరి గారిని మర్యాదగా అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు. పేజీలు పొడిబారి ఉంటాయి, తిప్పేది మీరు కాకుండా వాళ్లనే తిప్పమనండి.

పెదకాకాని సూటిమనిషి:

మీ మాట విన్నాక నా ప్రశ్నకి జవాబు దొరికింది చెల్లెమ్మా. మా ఊళ్లోనూ పాత బడి గోడకి ఒక పాలరాతి పలక ఉండేది. ఈ ఊరి నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది చనిపోయారు అని ఇంగ్లీషులో. పేర్లు లేవు, అంకెలే. బడి కొత్త భవనం కట్టినప్పుడు ఆ గోడ పడగొట్టారు. పలక ఎక్కడుందో పంచాయతీలో అడుగుతాను.

తెనాలి టీచర్:

తప్పకుండా అడగండి. ఆ పలకలు మద్రాస్ ప్రెసిడెన్సీలో చాలా ఊళ్లలో పెట్టారు. బడి, తాలూకా కచేరి, రచ్చబండ దగ్గర ఉంటాయి. దొరికితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పంజాబ్ వాళ్లకు మంచి వసతి దొరికింది. మొదటి యుద్ధంలో అక్కడి నుంచి వెళ్లిన 3 లక్షల 20 వేల మంది పేర్లు ఊరూరి వారీగా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉంటే, వాటిని 2021 నుంచి ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మన జిల్లాలకు అలాంటిది లేదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊరైతే ఇంటింటా సైనికులు కాబట్టి ఊరే గుర్తుపెట్టుకుంది. మిగతా ఊళ్లలో ఒక్కో కుటుంబం తన మనిషిని తనే వెతుక్కోవాలి.

కృష్ణలంక మలయా మనవరాలు:

మా కథ యూనిఫాం లేని కథ. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, కానీ రాస్తున్నాను. మా తాత వాళ్ల అన్న మలయాలో (ఇప్పటి మలేసియా) రబ్బరు తోటకి వెళ్లారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. ఆ తర్వాత ఆయన దగ్గర నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. కొందరు నేతాజీ సైన్యంలో చేరాడన్నారు, కొందరు జపాన్ వాళ్లు రైలు మార్గం పనికి పట్టుకెళ్లారన్నారు. ఏది నిజమో ఎలా తేల్చుకోవాలి?

తెనాలి టీచర్:

రాయకపోతే ఎలాగమ్మా, ఇదీ యుద్ధమే.

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మలయా తోటల్లోని తమిళులు, తెలుగువాళ్లు చాలామంది చేరారు. దానికి సంబంధించిన ఫైళ్లు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అభిలేఖ్ పటల్ అనే వాళ్ల పోర్టల్‌లో ఫైళ్ల పట్టిక వెతకొచ్చు, కొన్ని స్కాన్ చేసి పెట్టారు కూడా. తిరిగొచ్చినవాళ్లయితే 1972లో మొదలైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకి దరఖాస్తు పెట్టుకుని ఉండొచ్చు, ఆ ఫైలు కలెక్టరేట్‌లో వెతకాలి.

రైలు మార్గం అయితే వెతకడం కష్టం. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)-బర్మా మార్గం 415 కిలోమీటర్లు, 1942-43లో వేశారు. అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలకు సమాధులున్నాయి, పేర్లున్నాయి. తోటల నుంచి తీసుకెళ్లిన ఆసియా కూలీలు దాదాపు 90 వేల మంది పోయారని అంచనా. వాళ్లకు పేరుపేరునా సమాధులు లేవు. మలేసియాలో ఉన్న తెలుగు కుటుంబాలను కలపండి. అదే తోటలో పనిచేసినవాళ్ల పిల్లలు ఎవరైనా ఉంటే, పేరు వినగానే చెప్పేవాళ్లు దొరకొచ్చు. తోట పేరు తెలుసా? పాత ఉత్తరాల మీద పోస్టు ముద్ర చూడండి.

కృష్ణలంక మలయా మనవరాలు:

1939 నాటి కవరు ఒకటి ఉంది. ముద్ర సగమే పడింది, పెరాక్ అనే మాట వరకు చదవగలుగుతున్నాను. భూతద్దంతో చూసి చెప్తాను. థాంక్స్ అండీ.

గుంటూరు మునిమనవడు:

పతకం దొరికింది! సాపర్ గారు అన్నట్టే సత్తెనపల్లిలో మా మేనత్త దగ్గర, నగల పెట్టెలో. కొక్కెం అతికించి ఉంది. అత్త చిన్నప్పుడు నల్లపూసల తాడుకి వేసుకునేదట. "రాజుగారి కాసు" అనుకుంది. ఇవ్వనంది, ఫొటో తీసుకోనిచ్చింది. ఇవ్వకపోవడమే మంచిదనిపించింది, ఆవిడ దగ్గరే భద్రంగా ఉంది.

అంచు మీద అక్షరాలు మొదట కనపడలేదు. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ఒక్కొక్కటే లేచి కనిపించాయి. ముందు నంబర్, తర్వాత ఎస్, పి, ఆర్ అని, ఆయన పేరు, ఆ తర్వాత 2, క్యూ, వి, ఓ, ఎస్ అండ్ ఎమ్. అత్త కూడా ఫోన్ లాక్కుని చదివింది. నంబర్ ఇక్కడ పెట్టను, మా వాళ్లకు ఇష్టం లేదు. ఆ పొడి అక్షరాలకు అర్థం ఏమిటండీ?

బెజవాడ సాపర్ (రిటైర్డ్):

బాబూ, చదవగానే లేచి నిలబడ్డాను. ఎస్, పి, ఆర్ అంటే సాపర్. మిగతాది సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. అప్పట్లో మొదటిది రూర్కీలోని బెంగాల్ వాళ్లది, మూడోది కిర్కీలోని బాంబే వాళ్లది, రెండోది బెంగళూరులోని మనది. మద్రాస్ సాపర్స్. నేను ముప్పై ఏళ్లు వేసుకున్న బ్యాడ్జి. 1780 నుంచి ఉన్న దళం. వంతెనలు కట్టడం, మందుపాతరలు పెట్టడం, తీయడం, నది దాటించడం మన పని. మీ ముత్తాత నాకు పెద్దన్న వరస అవుతారు.

బస్రా అంటే మెసపటేమియా, ఇప్పటి ఇరాక్. టైగ్రిస్ నది మీద పడవల వంతెనలు లేకపోతే అక్కడ సైన్యం అడుగు కదల్చలేదు. ఇప్పుడు నంబర్, దళం పేరు పెట్టి కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. రెజిమెంట్ గడిలో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అని కొట్టండి. ఆ నంబర్ ఒక్కటే పట్టుకుని చూడండి, పేరు స్పెల్లింగు గురించి పట్టించుకోవద్దు.

గుంటూరు మునిమనవడు:

దొరికారు.

పేరులో రెండక్షరాలు తేడా. తండ్రి పేరు సరిగ్గా ఉంది, ఊరి పేరు ఉంది, బాపట్ల, గుంటూరు అని ఉంది. 1917లో పోయారు. బస్రా మెమోరియల్ అని రాసి ఉంది, సమాధి నంబర్ లేదు. పెదనాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను. తండ్రి పేరు దగ్గరికి రాగానే "ఆ పేరు నాకే పెట్టారురా" అన్నారు. ఇంకేం మాట్లాడలేకపోయారు.

నాకు రెండు సందేహాలు. సమాధి ఎందుకు లేదు? ఆ మెమోరియల్ మీద ఆయన పేరు చెక్కి ఉంటుందా?

తెనాలి టీచర్:

ఎంత మంచి మాట చెప్పారండీ. మా స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను.

సమాధి లేకపోవడానికి కారణాలు ఉంటాయి. హిందూ, సిక్కు సైనికులను దహనం చేశారు కాబట్టి సమాధి ఉండదు, పేరు స్మారకం మీదికి వెళ్తుంది. కోహిమాలో చూస్తే యుద్ధ సమాధుల పక్కనే దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో విడిగా స్మారకం ఉంది. బస్రా మెమోరియల్ మాత్రం మెసపటేమియాలో పోయి, సమాధి తెలియని 40 వేల మందికి పైగా వాళ్ల కోసం కట్టింది. 1929లో తెరిచారు. 1997లో సద్దాం హుస్సేన్ ఆదేశంతో దాన్ని ఊడదీసి, నసిరియా దారిలో 32 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు.

రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే బాధగా ఉంది. ఆ గోడల మీద బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకు వాళ్ల దళం పేరు, దాని కింద ఇంతమంది అని అంకె వేశారు. పేర్లు రిజిస్టర్‌లోనే ఉన్నాయి. 2021లో కమిషనే తన తప్పు ఒప్పుకుంటూ ఒక నివేదిక ఇచ్చింది. కనీసం 1 లక్ష 16 వేల మందికి, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లకు, పేరుతో గుర్తింపు దక్కలేదని అందులో ఉంది. క్షమాపణ కూడా చెప్పారు. మీ ముత్తాతగారి పేరు కనీసం రిజిస్టర్‌లో ఉంది. అందులోనూ లేనివాళ్లు ఎందరో.

మీరు చేయాల్సినవి చెప్తాను. ఆ పేజీ నుంచి స్మారక సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోండి. స్పెల్లింగ్ సరిదిద్దమని ఆధారాలతో కమిషన్‌కి రాయండి. పతకం అంచు ఫొటో, బిళ్ల ఫొటో పెట్టండి. బిళ్ల మీద స్పెల్లింగ్ ఎలా ఉంది?

గుంటూరు మునిమనవడు:

బిళ్ల మీద మూడో రకంగా ఉందండీ!

ఇంకొక సంగతి. మా తాత ప్రతి ఏటా ఆయన తద్దినం అమావాస్య నాడు పెట్టేవారు. 2016 కృష్ణా పుష్కరాల్లో బెజవాడలో పిండం పెట్టినప్పుడు కూడా తిథి తెలియదనే చెప్పాం. ఇప్పుడు తేదీ ఉంది కదా, పాత పంచాంగం చూసి తిథి చెప్పేవాళ్లున్నారా?

నరసరావుపేట రైతు:

మీ పురోహితుల వారికి ఆ తేదీ ఇవ్వండి, ఐదు నిమిషాల పని. అయితే పోయిన రోజు ఇంగ్లీషు తేదీ ఎలా లెక్కపెట్టారో, రాత్రి పోయారేమో మనకి తెలియదు. ఒక తిథి అటూ ఇటూ అయినా పెద్దలు ఏమీ అనుకోరు. సంక్రాంతికి బట్టలు పెట్టుకునేవాళ్లయితే పేరు పెట్టి పెట్టండి.

గన్నవరం వాసి:

మా తాత సంగతి. నాయనమ్మ పాత పాస్‌బుక్కు అట్ట లోపల నంబర్ ఉంది, పెన్సిల్‌తో. బెంగళూరుకి ఉత్తరం రాసి పెట్టాను. మా నాన్న 1971 యుద్ధంలో ఉన్నారు, ఆయనకి చనిపోయిన తోటి జవాను ఒకరి ఊరు తెలుసుకోవాలని ఉంది. దానికీ కమిషన్ వెబ్‌సైటేనా?

బెజవాడ సాపర్ (రిటైర్డ్):

కాదు. 1947 తర్వాత వీరమరణం పొందినవాళ్ల పేర్లు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగచక్రం గోడల మీద ఉన్నాయి. దాని వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. మీ నాన్నగారికి దళం ఎటూ గుర్తుంటుంది కాబట్టి త్వరగా దొరుకుతుంది. నాన్నగారికి నా జైహింద్ చెప్పండి. ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎక్కడ దిగారు, వంట ఎవరు చేశారు, పక్కన ఎవరున్నారు అని చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. "యుద్ధం గురించి చెప్పు నాన్నా" అంటే మావంటివాళ్లం ఏమీ చెప్పం.

గుంటూరు బాబుకి ఒక మాట. బెంగళూరులో మా సెంటర్‌కి రాయబోయే ఉత్తరం నేను రాసిపెడతాను. నంబర్ నాకు విడిగా మెసేజ్ చేయండి. ఆయన ఏ కంపెనీలో ఉన్నారో తెలిస్తే, ఆ కంపెనీ యుద్ధ డైరీ లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉందేమో చూడొచ్చు. ఏ రోజు ఏ నది దాటారో అందులో ఉంటుంది.

గుంటూరు మునిమనవడు:

పంపాను సార్. పెదనాన్న మీతో మాట్లాడతానంటున్నారు. ఆదివారం బెజవాడ వస్తాం, బిళ్ల కూడా తెస్తాం.

పెదకాకాని సూటిమనిషి:

పలక దొరికింది. పంచాయతీ ఆఫీసు వెనక మోటారు షెడ్డులో, మెట్టుకి బదులు వేశారు. రాసి ఉన్న వైపు కిందికి ఉండటంతో అక్షరాలు చెక్కుచెదరలేదు. సర్పంచ్ గారితో మాట్లాడాను, బడి గోడకి మళ్లీ పెట్టించడానికి ఒప్పుకున్నారు. దాని మీద ఉన్నది అంకె ఒక్కటే కదా, ఆ మనుషులెవరో పేర్లు రాబట్టాలి. టీచర్ గారూ, ఊరి పేరుతో వెతకడం ఎలాగో ఇంకోసారి వివరంగా రాస్తారా?